గుండుపాల బెరడు

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతున్న ట్రాలీ ఆటోలోంచి నిలువెత్తు చెట్టు మొదలొకటి జారి సరిగ్గా నా ముందు పడింది. చప్పుడు మాత్రం ఖాళీ డబ్బా పడ్డట్టు. ఆటో తోలుతున్న మనిషి దిగివచ్చి దాన్ని ఒంటిచేత్తో ఎత్తాడు.

“బతికిపోయానయ్యా! ఇది మాను కాదా?”

“ఫైబరు సారూ, ఉత్త డొల్ల. తల పగిలేటంత బరువుండదు, ఫికర్ జెయ్యకు. ఎక్కు, పైదాంక దింపుత.”

పేరు భిక్షం. ముప్పయ్యేళ్లుగా సినిమా సెట్లకు చెట్లు చేస్తున్నాడు. బతికున్న చెట్టుకు సబ్బునీళ్లు రాసి, ప్లాస్టర్ మెత్తి, అచ్చు తీసి అందులో ఫైబరు పోస్తాడు. ఆ బెరడు తడిమి చూశాను. నల్లమలంతా తిరిగినవాణ్ణి, ఇలాంటి గీతలు ఎక్కడా చూడలేదు.

“గుండుపాల. రాతిగుండు పగుళ్లల్లనే మొలుస్తది.”

శివరాత్రికి ఆకంతా రాలుస్తుందట. ఇక ఎండాకాలమంతా పచ్చటి బెరడే ఎండ తాగి చెట్టును బతికిస్తుంది. పూత, కాయ మొదలుకే, అదీ పదేళ్లకోసారి. చెట్ల పుస్తకాలు రాసేవాళ్లు నీడన కూర్చుని రాస్తారేమో, వేసవిలో నీడనివ్వని ఈ చెట్టు వాళ్ల కంట పడలేదు. ఈ ఎత్తు మీద రాతిగుండ్లు పేల్చి బంగళాలు కట్టినప్పుడు అన్నీ పోగా, ఒక బంగళా వెనక ఒక్కటి మిగిలింది. మొన్న చైత్రంలో ఒక సినిమాలో అడవి సెట్టు కోసం భిక్షం అచ్చు తీసింది దానికే.

“ఆకు లేనప్పుడు తోలే దానికి నోరు. నాకెరికే సారూ. ఒక్కపూట అనుకున్న. కొమ్మలు గూడ గావాలన్నరు, నాలుగు రోజులు ఉంచిన. అచ్చు ఇప్పితే తోలు దానెంబడే వచ్చింది.”

చెట్టు ఎండిపోయింది. అచ్చుకు అంటుకున్న కాయలో మూడు గింజలు దొరికితే తొలకరికి ఆ చెట్టున్న రాతి పగులులోనే పెట్టాడు. ఒకటి మొలిచింది. ఇప్పుడు బంగళావారు చచ్చిన చెట్టు చోట ఈ ఫైబరుది నిలబెట్టమన్నారు.

“మొలకకు మూరెడు ఇవతల బిగిస్త. నీడ పడొద్దు.”

ఆ మొలకను చూద్దామని నేనూ వెంట వెళ్లాను. బంగళా వెనక మేస్త్రి ఓంప్రకాష్ ఎదురొచ్చాడు. “రా కాకా! నీ పని అల్కగ జేసిన. నిన్ననే పగులంత సిమెంటు నింపి బోల్టులు దించిన. ఏనుగు గుద్దినా కదలది.”

“గాడ మొక్క ఉండె గదరా.”

“రెండాకుల పిచ్చిమొక్కనా? పీకి పారేసిన. గింతదానికి వేరు చూస్తే గింత పొడుగు!” చెయ్యి చాచి మూరెడు చూపించి నవ్వాడు.

భిక్షం ఇంకా చెమ్మ ఆరని ఆ సిమెంటు వంక చూశాడు. తర్వాత మొదలును బోల్టుల మీదికి దించి, నాలుగు నట్లూ బిగించి, ఊపి చూశాడు. దారిలో పడ్డప్పుడు అంటిన దుమ్మును తుండుతో తుడిచాడు, కిందినుంచి పైదాకా, మెల్లగా.

“భిక్షం,” అన్నాను.

తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆటో అక్కడే వదిలేసి, ఎత్తు దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.