తెలిసినవాళ్ల సంతకం

భర్త పోయాక అంబుజం తమిళ పట్నంలోని నెల్లితోపు పేటలో, ఇంటి ముందరి గదిలో మిషను పెట్టుకుని రవికెలు కుట్టడం మొదలుపెట్టింది. ఉమ్మడి కుటుంబం. బావగారు వెంకటాద్రికి బజారులో బట్టల కొట్టు ఉంది. ఎవరి సంపాదనైనా ఆయన చేతికే ఇవ్వాలి, ఏది కావాలన్నా ఆయన్నే అడగాలి. కాదనేవాడు కాదు గానీ, ఎందుకని అడిగేవాడు. ఒకసారి కూతురు హేమావతి చెవినొప్పితో ఏడుస్తుంటే, డాక్టరు ఫీజు కోసం ఆయన కొట్టు కట్టేసి వచ్చేదాకా కూర్చోవలసి వచ్చింది. తనకంటూ ఒక బ్యాంకు ఖాతా ఉండాలని ఆ రోజే అనుకుంది.

1978 వేసవిలో ఒక పొద్దున, కుట్టుకూలిలో మిగుల్చుకున్నది కొంగున ముడేసి, దారం కొనడానికని చెప్పి బయలుదేరింది. మొదటి బ్యాంకులో గుమస్తా తలెత్తకుండానే, ఇక్కడ ఖాతా ఉన్నవాళ్లెవరైనా నువ్వు తెలుసని సంతకం పెట్టాలన్నాడు. నెల్లితోపులో అందరికీ నేను తెలుసంది అంబుజం. అది చాలదన్నాడు. రెండో బ్యాంకులోనూ అదే మాట. రవికెలు కుట్టించుకునే టీచరు శివగామి సంతకం పెడతానంది గానీ, ఆమె ఖాతా వేరే ఊళ్లో ఉంది. అక్కడ ఖాతా ఉన్న ఎదురింటి పద్మనాభన్ మాత్రం, మీ బావగారికి తెలుసా అని అడిగి, ఆమె మొహం చూసి మాట మార్చేశాడు.

ఎవరో చెబితే నటేశన్ నగర్‌లోని చిన్న సహకార బ్యాంకుకు నడిచింది. మేనేజరు సుందరమూర్తి మంచివాడు. కూర్చోబెట్టి, నీళ్లిప్పించి, ఎవరింటివాళ్లని అడిగాడు. చెప్పగానే ఆయన మొహం వెలిగింది. వెంకటాద్రి కొట్టు ఖాతా ఇక్కడే ఉందని, ఇంక తిరగక్కర్లేదని ఫోను అందుకున్నాడు.

"వద్దు సార్" అంది అంబుజం. ఆ మాట గొంతు దాటేసరికే అవతల వెంకటాద్రి పలికాడు.

ఆయన రిక్షాలో వచ్చాడు. కోపంగా లేడు.

"నాకొక మాట చెప్పకూడదామ్మా? ఏంది ఇంట్లో నీకు తక్కువైంది?"

ఏం చెప్పినా నింద వేసినట్టే ఉంటుంది. మేనేజరు కూడా చూస్తున్నాడు.

"ఏమీ తక్కువ లేదు బావా."

వెంకటాద్రి సంతకం పెట్టాడు. ఒంటరి ఆడమనిషి మాటిమాటికీ తిరగనక్కర్లేకుండా ఖాతాలో తన పేరు కూడా చేర్చమన్నాడు. అది మంచి ఆలోచనే అన్నాడు సుందరమూర్తి. చూపించిన చోటల్లా అంబుజం తమిళంలో తన పేరు రాసింది. పాసుబుక్కు వెంకటాద్రి చొక్కా జేబులోకి వెళ్లింది. ఎండగా ఉందని ఆమెకు రిక్షా మాట్లాడి, జాగ్రత్తగా దించమని రిక్షావాడికి చెప్పాడు.

ఖాతా చాలా ఏళ్లు నడిచింది. అంబుజం మళ్లీ ఆ బ్యాంకు మెట్లెక్కలేదు.