నత్తగుల్ల మీద అతుకు

మ్యూజియం రెండో అంతస్తులో, శిలాజాల గదిలో బొమ్మలు గీసే ఆవిడను అందరూ పెన్సిలమ్మ అనేవారు. కొప్పులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళుండేవి. మూడోదాని కోసం సొరుగులన్నీ గాలిస్తూ ఉండేది. పదహారేళ్ళుగా ఆమె పని ఒకటే. అక్కడి శాస్త్రవేత్త పెద్దసారు కొత్తరకం గుల్లను వర్ణించి రాస్తే, పక్కన దాని బొమ్మ గీయడం.

ఆ ఏడు ఒక సముద్రపు నత్తగుల్ల వచ్చింది. రాయిగా మారి లక్షల ఏళ్ళయినా బొటనవేలంత సైజులో ముద్దుగా ఉంది. పెద్దసారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఏడు చుట్లు. చుట్టుకి పన్నెండు నిలువు గీతలు. చివరి చుట్టు మీద వంకరటింకరగా లావుపాటి కట్టు. ఆ కట్టే దీని ప్రత్యేకతమ్మా, లోకంలో ఇంకోదానికి లేదు!" అని బల్ల చరిచాడు.

పెన్సిలమ్మ భూతద్దం కింద గుల్లను అటూ ఇటూ తిప్పింది. గీయబోయి ఆగింది. కట్టుకు అటువైపు గీతలకీ ఇటువైపు గీతలకీ పొంతన లేదు. వాళ్ళ నాన్న చిరిగిన కోట్లు రఫూ చేసేవాడు. ఆయనకి సూదిలో దారం ఎక్కించి ఇస్తూ పెరిగిన పిల్ల. ఆ కళ్ళు ఊరుకుంటాయా?

"సార్, ఇది ప్రత్యేకత కాదు. అతుకు."

"ఏమిటీ?"

"దీన్నేదో కరిచింది. అంచు విరిగితే పాపం మళ్ళీ కట్టుకుంది. కంగారులో గీతలు కలవలేదు, చూడండి."

పెద్దసారు మొహం చిన్నబోయింది. "నలభై ఏళ్ళ అనుభవం నాది" అని గొణిగాడు. గొణుగుతూనే, దానితోపాటే దొరికినా ముక్కలని పక్కన పడేసిన మరో ఎనిమిది గుల్లల పెట్టె తెప్పించాడు. ఇద్దరూ తలలు ఢీకొనేలా వంగి మధ్యాహ్నమంతా చూశారు. ఒక్కదానికీ కట్టు లేదు. గీతలు మాత్రం అన్నిటికీ పన్నెండే.

"ఏ పీతో కొరికిన గాయాన్ని నగ అని అచ్చేసేవాడినే!" అంటూ ఆయన పగలబడి నవ్వాడు.

గీతల లెక్క మరే రకానికీ సరిపోలేదు గనక కొత్తరకమన్న మాట నిలిచింది. కట్టు సంగతి అడుగున ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది.

"దీనికి నీ పేరే పెడుతున్నా."

"బాబ్బాబు, వద్దు సార్! ఇప్పటికే మా ఆయన నాది నత్తనడకని ఏడిపిస్తాడు. అచ్చులో కూడా దొరికితే బతకనిస్తాడా?"

ఆయన వినలేదు. పుస్తకం వచ్చిన రోజు బస్సు డ్రైవరైన ఆ మొగుడు దాన్ని చంకలో పెట్టుకుని డిపో అంతా తిరిగాడు. "రాయి మీద పేరు ఎవరైనా చెక్కించుకుంటారు. మా ఆవిడ పేరు రాయికే పెట్టారు!" అని కనబడ్డవాడికల్లా చెప్పాడు.

సాయంత్రానికి పుస్తకం నిండా గ్రీజు మరకలు. పెన్సిలమ్మ అతన్ని చెడామడా తిట్టింది గానీ, ఒక్క మరకా తుడవలేదు.