కూర్మమ్మ కంటి సెలవు

ముందు కడియాల చప్పుడు వినిపించింది. ఆసుపత్రి వరండా సిమెంటు మీద ఒక అడుగు ధైర్యంగా, మరో అడుగు ఆగి ఆగి. తర్వాత గడపకి కాలు కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాతే కూర్మమ్మ వచ్చింది, ఒంటినిండా తడి గోగునార వాసనతో.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది, శ్రావణమాసం. గోనెసంచుల మిల్లు పనివాళ్ళ కోసం సర్కారు పెట్టిన ఇన్సూరెన్సు ఆసుపత్రి అది. అందరూ ఈయస్సై అంటారు. జీతంలో కొంత కోసుకుని, జబ్బు చేస్తే మందిస్తారు. అక్కడి కాంపౌండరు నారాయణమూర్తి మా ఊరివాడు. అతన్ని చూడ్డానికి వెళ్ళి బల్ల మీద కూర్చుని ఉన్నాను.

కూర్మమ్మ చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చి మిల్లులో సంచులు కుట్టేది. కొంతకాలంగా ఆమె కళ్ళలో మంచు దిగి, పొద్దెక్కినా విడవడం లేదు. పక్కన కూర్చునే చిన్నతల్లి పొద్దున్నే సూదులన్నిటికీ దారం ఎక్కించి, ఆమె ముందున్న సంచి అంచుకి వరసగా గుచ్చిపెట్టేది. ఒకటి అయిపోతే చెయ్యి ఇంకోదాన్ని వెతుక్కునేది. కుట్టు వేళ్ళకి తెలుసు. ఆ వరసలో ఆడవాళ్ళందరూ అంతే, ఒకరి జబ్బుని ఒకరు కొంగు కింద దాచేవారు. డాక్టరుకి చెబితే మిల్లుకి తెలుస్తుందని, తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. జీతం కోయించుకునేవారు, ఆసుపత్రి మెట్టు మాత్రం ఎక్కేవారు కాదు.

ఆ వరసలోనే కుట్టిన దేముడమ్మ అలాగే దాచుకుని రిటైరయింది. మరుసటి ఏడు చూపు కోసం ఇక్కడికి వస్తే, పని మానేసినవాళ్ళకి లేదన్నారు. ఇప్పుడామె గోడలు పట్టుకుని నడుస్తోంది. కూర్మమ్మ రిటైరయ్యేది వచ్చే వేసవికి.

“తిన్నగా సెప్పు బాబూ,” అంది నారాయణమూర్తితో. “మిల్లులోంచి దిగిపోయాక ఈ ఈయస్సై నాకుంటాదా, ఉండదా?”

“కొన్ని నెలలు నడుస్తుంది. ఆ తర్వాత ఉండదు.”

“మరి ఇన్నేళ్ళూ కోసిందేటి?”

“అది దాచిపెట్టే సొమ్ము కాదమ్మా. పనిలో ఉండగా జబ్బు చేస్తే చూడ్డానికి.”

“అయితే జబ్బు ఇప్పుడే సెయ్యాల,” అందామె. “సేసింది. డాక్టరుబాబుకి సెప్పు.”

మందుసీసా పట్టుకుని వరసలో నిలబడ్డ మిల్లు మేస్త్రీ గంగులు తిరిగి చూశాడు. ఆమెని అక్క వరసన అప్పా అంటాడు. “నీకు జబ్బేటప్పా? రాయినాగున్నావు.”

“నీ మొకం అలికీసినట్టు కనబడతన్నాది గంగులూ. దేవుడే అలా సేసినాడేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.”

వరండా అంతా నవ్వింది. గంగులు నవ్వలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఇంటికెల్లిపోప్పా. మేనేజరు సెవినపడితే రేపే పంపీస్తాడు. ఉన్న నెలలు గుట్టుగా లాగీ.”

“లాగీసి? దేముడమ్మనాగ గోడలట్టుకోనా?” ఆమె నారాయణమూర్తి వైపు తిరిగింది. “సెలవెడితే తీసీస్తారా బాబూ?”

“డాక్టరు రాసి, ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకున్న సెలవైతే, అది నడిచినన్నాళ్ళూ తియ్యడానికి వీల్లేదు. తిరిగొచ్చాక సంగతి నేను చెప్పలేను.”

“అప్పటికి నాకు కళ్ళుంటాయి కదా. మేనేజరు మొకం సూసి నానే అడుగుతాను.”

డాక్టరు టార్చి వేసి చూశాడు. రెండు కళ్ళలోనూ పొరలు ముదిరాయన్నాడు. ఆపరేషనుకి విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాసి, సెలవు రాశాడు. బయటికి వస్తూ ఆమె గంగులు ముందు ఆగింది.

“మేనేజరుకి నువ్వే సెప్పీ. దాసుకోడానికేటీ నేదు.”

గంగులు చెప్పనే చెప్పాడు. మేనేజరు ఆమెని పిలిపించి, తిరిగొచ్చాక పని ఉంటుందని మాటివ్వలేనన్నాడట. చిన్నతల్లి కూడా ఆ వారమే, ఇన్నాళ్ళూ దాచుకున్న తన దగ్గు డాక్టరుకి చూపించుకుంది.

నేను ఊరికి బయల్దేరిన రోజున, విశాఖపట్నం బండి కోసం ప్లాటుఫారం మీద కూర్మమ్మ మూటతో నిలబడి ఉంది. చినుకులు పడుతున్నాయి. ఆమె తడుస్తోంది, పక్కకి జరగలేదు. తిరిగొచ్చాక నిజంగానే పొమ్మంటే ఏం చేస్తావని అడిగాను.

“పొమ్మన్ననాడు పోతాను బాబూ. తడుముకుంటా మాత్రం పోను.”