కొసరు ఆప్రికాట్ల మీద నా ఫిర్యాదు

ముందుగా నా నోటుపుస్తకంలోని పట్టికను ఎత్తి రాస్తున్నాను. ఇది సవరించిన పట్టిక. దాన్ని సవరించవలసి రావడమే నా ఫిర్యాదులో సగం.

ఫిబ్రవరి, రెండవ శుక్రవారం. మా కోట ఊరి బజారులోని ఎండుపండ్ల దుకాణంలో గోధుమరంగు ఆప్రికాట్లు అరకిలో అడిగాను. అవే తూచాడు. తూచిన తరువాత, నేను అడగని నారింజరంగువి ఒక గుప్పెడు పైన పోశాడు. మరునాడు ఉదయం నా భార్యకు ఆయాసం.

మార్చి, మొదటి సోమవారం. అదే సరుకు, అదే గుప్పెడు. సాయంత్రానికే ఆయాసం. ఇన్‌హేలర్ రెండుసార్లు.

ఏప్రిల్, మూడవ గురువారం. అదే. ఈసారి ఆసుపత్రిలో ముఖానికి మాస్కు పెట్టించుకుని మందు పీల్చవలసి వచ్చింది.

మే, చివరి శనివారం. విషయమంతా విడమరిచి చెప్పిన తరువాత కూడా గుప్పెడు పోశాడు. నా కంటపడకుండా సంచి అడుగున పోశాడు.

ఈ దుకాణదారు నాకు పరాయివాడు కాడు. నేను ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పిన రోజుల్లో నా తరగతిలో మూడో బెంచీ మీద కూర్చున్నవాడు. ఇప్పుడు అతనికీ గడ్డం నెరిసింది. తండ్రి నుంచి వచ్చిన దుకాణాన్ని శుభ్రంగా నడుపుతున్నాడు. రొయ్యల గుంటల రైతులు ఒకరి ఇంటికి ఒకరు ఎండుపండ్ల పెట్టెలు పట్టుకెళ్లే అలవాటు మొదలైన తరువాత అతని బేరం బాగా పెరిగింది. తూకంలో ఏనాడూ మోసం లేదు. అతని నేరం మర్యాద. మర్యాదను నేరమని నిరూపించడం ఎంత కష్టమో ఈ నాలుగు నెలల్లో నాకు తెలిసివచ్చింది.

మా ఇంట్లోకి ఆప్రికాట్లు ఎందుకు వచ్చాయో చెప్పాలి. నా భార్యకు రక్తం తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు నిండు మోతాదులో ఆమె కడుపుకు పడవు. డాక్టరు మోతాదు తగ్గించి, ఆకుకూరలు, ఖర్జూరాలు, ఎండు ఆప్రికాట్లు క్రమం తప్పకుండా తినమన్నారు. ఖర్జూరం ఆమెకు వెగటు. ఆప్రికాట్ నచ్చింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి ఒక కొత్త పండును ఇష్టపడడం చిన్న విషయం కాదు. అందుకే నేను దాన్ని పద్ధతిగా తెలుసుకోవాలనుకున్నాను.

ఇక్కడే నా మొదటి విసుగు. ఫోనులో వచ్చే సందేశాలన్నీ ‘ఆప్రికాట్ తినండి, రక్తం పడుతుంది’ అంటాయి. ఏ ఆప్రికాట్? ఒక్కరూ చెప్పరు. మామిడి తినమంటే బంగినపల్లా, నాటు కాయా అని అడిగే ఊరు మనది. ఆప్రికాట్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ అన్నీ ఒకటే.

నేను తెలుసుకుని రాసుకున్నది ఇది. పచ్చిపండులో విటమిన్ సి ఉంటుంది, నీరు ఎక్కువ. ఆ పండు మన ఎండలకు తట్టుకుని కోట దాకా చేరదు. ఎండితే నీరు పోయి ఐరన్, పొటాషియం, పీచు చిక్కబడతాయి. చక్కెర కూడా చిక్కబడుతుంది, కనుక గుప్పెళ్లతో తినరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం సంగతి డాక్టరును అడిగే తినాలి. ఎండినవాటిలో మా బజారుకు వచ్చేవి మూడు రకాలు. చలి కొండల నుంచి వచ్చే గింజ ఉన్న చిన్నకాయ గట్టిగా ఉంటుంది, తీపి ఎక్కువ. దాని గింజలో పప్పు కొన్నింటిలో తియ్యగా, కొన్నింటిలో చేదుగా ఉంటుంది. చేదుది విషం, నోట పెట్టకూడదు. రెండవది మెత్తటి నారింజరంగుది. దానికి గంధకపు పొగ పట్టించి ఆరబెడతారు. అందువల్ల రంగూ, విటమిన్ ఏ గా మారే పసుపు పదార్థమూ బాగా నిలుస్తాయి. విటమిన్ బి1 మాత్రం నశిస్తుంది. మూడవది ఏ పొగా లేకుండా ఎండకే ఎండిన గోధుమరంగుది. చూడడానికి పాత చింతపండులా ఉంటుంది. పులుపు తగ్గి, బెల్లం పాకంలాంటి రుచి వస్తుంది. ఐరన్ విషయంలో నారింజరంగుదానికి ఏమీ తీసిపోదు.

నా భార్యకు చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉంది. గంధకం పట్టించిన పండ్లు కొందరు ఉబ్బసం రోగులకు పడవని చదివి, గోధుమరంగువే తేవాలని నిర్ణయించాను. అవే తెచ్చాను. అయినా ఆయాసం వచ్చింది. ఎండగట్టిన రొయ్యల గుంటల దుమ్మును అనుమానించాను. అగరువత్తులు మానిపించాను. పక్కింటివాళ్ల ఫినాయిల్ మీద వాళ్లతో మాట పట్టింపు కూడా తెచ్చుకున్నాను.

ఏప్రిల్‌లో ఆసుపత్రిలో డాక్టరు ఏమేం తిన్నారని అడిగారు. నేను నోటుపుస్తకం తీసి వరుసగా చదివాను. ‘ఎండు ఆప్రికాట్లు, గోధుమరంగువి, రోజుకు మూడు.’ మాస్కు తీసి పక్కన పెట్టి నా భార్య అంది:

“కొసరు రాయలేదేమండీ?”

“ఏ కొసరు?”

“ఆ అబ్బాయి పైన పోస్తాడే, ఎర్రగా నిగనిగలాడేవి. అవి నేను ముందే ఏరుకుని తినేస్తాను కదా. మీ పుస్తకంలో లెక్క మూడే. కొసరుకు లెక్కేంది?”

“వద్దని చెప్పానా లేదా?”

“ఆప్రికాట్లలో నల్లవి తినమన్నారు. కొసరు తినొద్దని ఎప్పుడు చెప్పినారు?”

డాక్టరు నవ్వు ఆపుకోలేదు. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి పుస్తకం తిరగేశాను. కొన్నదంతా ఉంది, కొసరు ఎక్కడా లేదు. కొన్నది రాయాలి, ఊరికే వచ్చినది రాయనక్కరలేదని నాకు ఎవరు నేర్పారో తెలియదు. మా ప్రాంతంలో ఎవరూ కొసరు రాసుకోరు. మూడుసార్లు నా కళ్ల ముందే పోసిన గుప్పెడును చూసి కూడా నేను చూడలేదు. జ్ఞాపకం మీద, ఆమె సాక్ష్యం మీద పట్టిక సవరించాను. నా తప్పును నేను దాచలేదు. ఇక అవతలివారి తప్పు.

మే నెలలో దుకాణానికి వెళ్లి అంతా చెప్పాను.

“గంధకం మండితే వచ్చే వాయువేంది?” అని అడిగాను.

“సల్ఫర్ డయాక్సైడ్ సార్. మీరు గాజుసీసాలో చూపిచ్చినారు కదా, తరగతంతా దగ్గినాము,” అన్నాడు సంతోషంగా.

“ఆ పొగ పట్టించినవే నువ్వు మా ఇంటికి కొసరు పోస్తున్నావు.”

“అయ్యో సార్! అమ్మగారికి అట్టా అయిందా? నాకేం తెలుసు!” నిజంగానే అతని ముఖం చిన్నబోయింది. “ఇంక పోయను సార్.”

“కొసరు పోయక తప్పదంటే ఆ గోధుమరంగువే రెండు పొయ్యి.”

“అవి కొసరెట్టా పోస్తాను సార్? నల్లగా, ముడుచుకుని... చూసినోళ్లు ఏమనుకుంటారు? సార్‌కి మిగిలిపోయినవి అంటగట్టినాడు అనరా? మా నాయన ఉంటే చెయ్యి విరిచేవాడు.”

“నేను డబ్బులిచ్చి కొనేవి అవే కదయ్యా!”

“కొనేది మీ ఇష్టం సార్. కొసరు మా ఇష్టం కదా.”

అరకిలో తూయించుకుని, సంచి మూతి నేనే కట్టుకుని వచ్చాను. ఇంట్లో పళ్లెంలో పోస్తే అడుగున నారింజరంగు గుప్పెడు బయటపడింది. ఖాళీ సంచిని విదిలించి తెరిచేటప్పుడే, నేను కళ్లద్దాలు తుడుచుకుంటుండగా వేసి ఉంటాడు. నా భార్య చెయ్యి అప్పటికే పళ్లెం మీదికి వచ్చింది. పళ్లెం లాగేశాను.

“పాపం, ఆ బిడ్డ ప్రేమతో వేసినాడు,” అంది.

“ఆ ప్రేమతోనే మొన్న నీకు మాస్కు పెట్టించారు.”

“అయితే మాత్రం? కొసరు వద్దంటే వాడు ఇంకెప్పుడైనా మన మొగం చూస్తాడా? మీ పుస్తకానికేం, అది మూసుకుంటుంది. రోజూ కూరగాయలకని ఆ బజారుకు పొయ్యేది నేను.”

ఆమెకు ఆ పండు కావాలి. గోధుమరంగుది కోటలో మరెక్కడా దొరకదు. ఆమెకు ఊపిరీ కావాలి. ఈ రెంటి మధ్య అడ్డం ఒక గుప్పెడు మర్యాద. నోటిమాట పనిచేయలేదు కనుక, ఈ కింది కాగితాన్ని రేపు ఉదయం దుకాణం తెరవగానే నేనే అందజేస్తాను. నకలు నోటుపుస్తకంలో అతికించాను.

“దుకాణదారు గారికి. మీరు నా విద్యార్థి అయినప్పటికీ, ఇది ఫిర్యాదు కనుక మీరు అనే సంబోధిస్తున్నాను. కింది మూడు ప్రశ్నలకు సమాధానం కోరుతున్నాను. ఒకటి: గంధకం పట్టించిన డబ్బా మీద ఆ మాట తెలుగులో, దూరం నుంచి కనిపించేటట్టు రాసి అతికిస్తారా? రెండు: మా ఇంటి సంచిలోకి ఆ డబ్బా నుంచి ఒక్క పండు కూడా, పైనగానీ అడుగునగానీ, వేయనని హామీ ఇస్తారా? మూడు: కొసరు మానవలసిందిగా నా భార్య కోరడం లేదు, ఆమె మాట మీద నేనూ కోరడం లేదు, తూచిన డబ్బాలోంచే, అవి ఎంత నల్లగా ఉన్నా, ఆ కొసరు పోయడానికి మీకు అభ్యంతరం ఉందా? ఉంటే కారణం తెలపాలి. వారం రోజులలోగా రాతపూర్వకంగా, సంతకంతో సమాధానం ఇవ్వవలసిందిగా డిమాండు చేస్తున్నాను. టీ తెప్పించి నోటితో చెప్పే సమాధానం స్వీకరించబడదు.”