గుమ్మడిదల ఒకటి

ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, సంగారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలులో మా సారు చదరంగం మానేశారు. ఆ సంగతి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఈ పొద్దున పటాన్‌చెరు స్టాండులో ఎవరో ఆటోవాడు గొంతు చించుకుని "గుమ్మడిదల, గుమ్మడిదల" అని అరిచాడు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఇంటికొచ్చి కలం పట్టుకున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

సారుది గుంటూరు వైపు. ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ ఉద్యోగం కూడా చదరంగం ఆడతారనే ఇచ్చారు. కర్మాగారం తరఫున దేశమంతా తిరిగి జాతీయ పోటీలు ఆడారు, మాస్టర్ బిరుదు తెచ్చుకున్నారు. ఇదంతా నేను తరవాత విన్నది. నేను చూసింది, యాభై దాటాక ఆయనకు చూపు తగ్గుతూ రావడం, స్కూటరు వదిలేసి నా ఆటో ఎక్కడం.

అప్పటికి నాకు చదువు రాదు. ఏ ఊరు వచ్చిందో బోర్డు చూసి కాదు, పక్కనున్న కల్లు దుకాణాన్నో వేపచెట్టునో చూసి చెప్పేవాణ్ణి. ఒకరోజు ముత్తంగి దగ్గర ఆయన, "ఆ బోర్డు మీద ఏముందో చదువయ్యా జహంగీరూ" అన్నారు.

"మీకు కనవడదు, నాకు రాదు. ఇద్దరం ఒక్కటే సార్" అన్నాను. నా నోరే అంత.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన నవ్వి, "ఒక్కటి కాదయ్యా. నీది నయమవుతుంది" అన్నారు.

మర్నాటి నుంచే చదువు మొదలు. లారీలు అడ్డుపడి ఆటో ఆగిన చోటల్లా వెనక సీటులోంచి నా వీపు మీద వేలితో ఒక అక్షరం రాసేవారు. దాన్ని నేను దుకాణాల బోర్డుల మీద వెతికి పట్టుకోవాలి. తెలుగు వచ్చాక ఇంగ్లీషువి ఎనిమిది నేర్పారు. చదరంగంలో నిలువు వరుసలకు అవే పేర్లట, అడ్డ వరుసలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలట. బీ, సీ, డీ, ఈ, జీ, అన్నీ నా చెవికి ఒకే మోత. అందుకని నేనే మా ఊళ్ళ పేర్లు పెట్టాను: అమీన్‌పూర్, బీరంగూడ, చిట్కుల్, దోమడుగు, ఎద్దుమైలారం, ఫసల్‌వాది, గుమ్మడిదల, హత్నూర. ఆయనకు అవి ఎంత నచ్చాయంటే, ఇంట్లో కూడా అలాగే ఆడేవారు.

చూపు పూర్తిగా పోయింది. చూపులేని ఆటగాడు పోటీలో పక్కన ఒక మనిషిని పెట్టుకోవచ్చు. అవతలివాడి ఎత్తు చెవిన వేయడం, మనవాడు చెప్పిన ఎత్తు బల్ల మీద వేసి కాగితం మీద రాయడం, అంతే ఆ మనిషి పని. సారు నన్ను పెట్టుకున్నారు. "నేను చెప్పిన గడిలో పెట్టు. నీకు మంచిదనిపించిన గడిలో కాదు" అన్నారు.

"ఆటో గూడ గంతే గద సార్. యాడ దింపమంటే ఆడనే దింపాలె."

ఆ ఆదివారం ఎంపిక పోటీలో ఆఖరి ఆట. గెలిస్తే, కళ్ళు పోయాక మొదటిసారి, మళ్ళీ జాతీయ పోటీకి వెళతారు. ఆ వయసులో ఇంకోసారి అవకాశం రాదని ఆయనకూ తెలుసు. ఆట మొదలయ్యే ముందు విఠల్ అనే రిటైర్డు లెక్చరర్ అందరూ వినేటట్టు, "ఏంది రావుగారూ, ఆడేది మీరా, మీ ఆటోనా?" అన్నాడు. కొందరు నవ్వారు. సారు చెవులు ఎర్రబడ్డాయి.

ఆట మాదే అనిపించింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజిల కంపెనీలో పనిచేసే సందీప్ అవతల చెమటలు తుడుచుకుంటున్నాడు. వాడి రాజు గుమ్మడిదల వరుసలో ఉన్నాడు. మన ఏనుగును ఆ వరుస మొదట్లోకి తెస్తే పని అయిపోయినట్టే. సారు గొంతు సవరించుకుని, "ఏనుగు, హత్నూర ఒకటి" అన్నారు.

నా చెయ్యి ఆగింది. ఆ మూల గడి మీద వాడి ఒంటె కన్నేసి ఉంది. నోరు జారిందని నాకు తెలిసింది. ఇన్నేళ్ళు వెంట తిరిగినవాడికి ఆ మాత్రం తెలుస్తుంది. ఏనుగును హత్నూరలో పెట్టాను.

సందీప్ నా మొహం చూసి, బల్ల చూసి, ఏనుగును కొట్టాడు. అదీ నేనే చెప్పాలి. చెప్పాను.

"హత్నూరనా?" అన్నారు సారు.

"హత్నూరనే సార్."

ఓటమి ఒప్పుకుని, ఎదుటివాడి వైపు చెయ్యి చాచారు.

ఇంటికి పోతుంటే ఆటోలో సారు భార్య, అమ్మగారు, ఏడ్చారు. "ఒక్కసారి దగ్గితే నీ సొమ్మేం పోయేది నాయనా?" అన్నారు. అప్పుడు సారు అడిగారు.

"గుమ్మడిదలని నీకు తెలుసా?"

"తెల్సు సార్."

"మరి?"

"మీరు హత్నూర అన్నరు."

ఆటో కంది ఊరు దాటింది. తరవాత సారు అన్నారు: "నువ్వు సర్దిపెట్టి ఉంటే, ఇవాళ్టిదే కాదు, ఇదివరకు గెలిచినవి కూడా నావి అయ్యేవి కావు జహంగీరూ. ఇప్పుడన్నీ నావే."

మళ్ళీ ఆయన పోటీలకు పోలేదు. పోయిన చలికాలంలో కాలం చేశారు. మనవలు నన్ను మొండి ముసలోడంటారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నాకు ఆ గడిలో అబ్బింది, ఇక పోదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళ పేర్లు ఎవరినీ అడగకుండా నేనే రాస్తున్నాను. గెలిచిన సందీప్. ఆట నడిపిన మాధవి మేడం. వెక్కిరించి, చివరికి మా ఆటో దాకా వచ్చి సారు చెయ్యి పట్టుకున్న విఠల్. చాయ్ పోసిన యాదమ్మ. టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మగారు, సుబ్బలక్ష్మమ్మ గారు. నేను, జహంగీర్. ఇక ఒక పేరు మిగిలింది. అందులో ఒక అక్షరం నాకు ఇప్పటికీ కష్టమే. వీపు మీద ఆయన వేలు ఎటు తిరిగేదో గుర్తుచేసుకుని రాస్తున్నాను: రామకోటేశ్వరరావు.