పక్క ఊరివాడి సుద్దగీత

రేసంటే ఇప్పటి పిల్లలు టీవీలో చూసేది కాదు. మేము ఆడింది రెండేళ్ళే. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చిన కొత్తలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మెకానిక్కులం ఊరికొకటి చొప్పున మూడు బండ్లు కట్టాం. పాత నీళ్ళ పైపులతో చట్రం, స్కూటరు చక్రాలు, తుక్కుకు పోవాల్సిన మోటారు సైకిల్ ఇంజను, ఒక్క మనిషి కూర్చునే సీటు. ప్లగ్గు తప్ప కొత్త సామాను కొనకూడదని షరతు. కొననిస్తే డబ్బున్నవాడే గెలుస్తాడు, ఇక మేమెందుకు? ఎండాకాలంలో ఊరికొక పందెం. మూడింటిలో కలిపి ముందున్నవాడికి ఇత్తడి బిందె.

ఇంకో షరతు కూడా ఉంది. పందెం రోజు పొద్దున ఎవరి బ్రేకు వాళ్ళు చూసుకోకూడదు, పక్క ఊరివాడు చూడాలి. నీ బ్రేకు పడకపోతే నువ్వు గుద్దేది వాడినే కాబట్టి వాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తాడని మా ఆలోచన. బాగుంటే ముందు టైరు మీద సుద్దగీత గీస్తాడు. సంతకాల పని లేదు. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు, యాభై దాటాక నేర్చుకున్నాను.

రెండో ఏడు మా సూర్యాపేటలో నేను గెలిచాను, కోదాడలో మిర్యాలగూడ రైసుమిల్లు ఫిట్టరు గెలిచాడు. ఇద్దరం సమానం. ఆఖరిది వాళ్ళ ఊళ్ళో, మిల్లు వెనక వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం మీద.

బయల్దేరే ముందు మా లారీ షెడ్డు ఉస్తాద్, "బిందె తెస్తే కోదాడ రోడ్డు మీది షెడ్డు నీకే ఇడుస్త. తేకపోతే గీడనే పానాలు అందిచ్చుకుంట ఉండు" అన్నాడు. పదేళ్ళుగా ఆయనకు స్పానర్లు అందిస్తూనే ఉన్నాను. నాకా షెడ్డు కావాలి.

ఫిట్టరు బండి బ్రేకు చూసే వంతు నాకే వచ్చింది.

"మంచిగ సూడు బావా. మల్ల ఓడినంక నా బండిల మోసముందని ఏడువకు" అన్నాడు.

"నీ బండికి బ్రేకెందుకుర? ఉరికితే గద ఆపేది" అన్నాను.

కిందికి దూరి చూశాను. బ్రేకు రాడ్డుకు అతుకు దగ్గర వెంట్రుకంత నెర్రె. గోరుతో గీకితే గోరు తట్టుకుంది.

లారీ షెడ్లలో పెరిగినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. పగిలిందా లేదా అని చూడం, ఎంత దూరం పోతుందని చూస్తాం. లోడు దించి అతుకు వేయించుకునే తీరిక డ్రైవరుకు ఉండదు. "కోదాడ దాకా పోతది, గాడ ఏపిచ్చుకో" అని పంపేస్తాం. పోతుంది కూడా. దీన్నీ అట్లాగే చూశాను. ఇరవై చుట్లు, అన్నీ కలిపినా రెండు మైళ్ళు. ఆగుతుందిలే అనుకుని గీత గీశాను.

లారీ రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి బ్రేకు తొక్కుతాం. కళ్ళం మీద చుట్టుకు నాలుగు మూలలు, నాలుగు తొక్కుళ్ళు. ఆ సంగతి నాకు తెలియదా? నా బండి బ్రేకు నేను తొక్కడం లేదా?

పద్నాలుగో చుట్టులో అతను నాకు ముందున్నాడు. మూల దగ్గర బ్రేకు తొక్కడం చూశాను. బండి నిదానించలేదు. నేరుగా పోయి మిల్లు గోడకు కొట్టుకుంది. నేను ఆపాను, కోదాడ బండీ ఆగింది. అతని మోకాలి కింద ఎముక బయటికి కనిపిస్తోంది. బస్తాలు తోలే బండి మీద పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం.

నన్నెవరూ ఏమీ అడగలేదు. విరిగింది అతుకు, ఆ అతుకు వేసుకున్నది అతనే. అందరూ అతని పనితనాన్నే తిట్టారు. వారానికి చూడబోయాను. కాలికి పిండికట్టు.

"మిల్లు సేటు ఇగ పనికి వద్దన్నడు. బ్రేకు రాడ్డే అతక రానోనికి మిల్లు ఎట్ల అప్పజెప్తమన్నడట. పదిహేనేండ్లాయె నేను అతుకవట్టి, ఒక్కటి ఊడలే." నా వంక తిరిగాడు. "నువ్వు సూసినప్పుడు మంచిగనే ఉండె గద?"

అవునంటే అయిపోయేది. పందెం మళ్ళీ పెడదామని కోదాడవాళ్ళు అంటున్నారు, షెడ్డు ఆశ ఇంకా చావలేదు.

"లేదు. నెర్రె ఉండె. సూసే గీత గీసిన."

అతను మోచేతుల మీద లేచి, "గెలుద్దమనా?" అన్నాడు.

"తెల్వదు."

"తెల్వదంటె ఎట్లరా? అవునంటె తిట్టేటోన్ని, కాదంటె ఇడిసేటోన్ని. గిదేం జవాబు?"

నేను లేచి నిలబడ్డాను.

"పో. నాకు చెప్తె ఏమొస్తది? సేటుకు చెప్పు. అందరి ముంగట చెప్పు."

మిల్లుకు పోయి హమాలీలు వింటుండగా చెప్పాను. సేటు అతన్ని మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు. కుంటుకుంటూనే చేశాడు. మా ఉస్తాద్ ఆ షెడ్డు ఇంకొకరికి ఇచ్చాడు.

నేను ఆ మాట చెప్పిన రోజున అక్కడే ఉండి విన్న కోదాడ మెకానిక్కు, పంపుసెట్లు బాగుచేసేవాడు, మిల్లులో ఉండిపోయిన తన బండిని లారీకి ఎక్కించుకుంటున్నాడు. వచ్చే ఏడు పందెం పెడదామా అని అడిగాను.

"పెట్టొచ్చుగానీ, నా బ్రేకు ఎవరు చూస్తారయ్యా? నువ్వా?" అన్నాడు.

"ఎవరిది వాళ్ళే సూస్కుందం."

"నాది నేను చూసుకుంటా సరే. నా ఎనకాల వచ్చేవాడిది?" అంటూ తాడు బిగించి లారీ ఎక్కాడు.