సారు అడగకుండా దాచుకున్న ప్రశ్న

మా ఇంగ్లీషు సారు పోయారన్న మాట విన్నప్పుడు నా చేతిలో లడ్డూల డబ్బా ఉంది. ఆ డబ్బా ఆయన కోసమే కొన్నాను. అంతకు కాసేపటి ముందే మా చిన్నబిడ్డకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. నెక్కొండ హైస్కూలులో ఇంగ్లీషు టీచరు. మట్టెవాడలోని మా కిరాణా దుకాణానికి తలుపు చెక్కలు సగమే వేసి, హసన్‌పర్తి బస్సు అందుకుందామని రోడ్డెక్కాను. ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన ఆపాడు.

"ఎటు పోతానవ్ సేటూ, గంత కుషీగ?"

"హసన్‌పర్తికి. మా బిడ్డ టీచరైంది. సారు నోట్లె లడ్డు పెట్టొస్త."

అతను కడుగుతున్న గ్లాసు కింద పెట్టాడు. "నీకింక ఎరుక లేదా? సారు తెల్లారగట్ల పోయిండట. గుండెల నొస్తాందన్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందట."

ఆ మాట విన్నాక కూడా కాసేపు నా మొహం మీద నవ్వు అట్లాగే ఉందట. తర్వాత అతనే చెప్పాడు. మీరు తప్పు పట్టుకోకండి. సంతోషం వచ్చి ఇంకా సరిగా కూర్చోనైనా లేదు, దుఃఖం వచ్చి తలుపు కొట్టింది. ఎవరికి పీట వేయాలో, ఎవరిని ఆగమనాలో తెలియలేదు. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా తెలియదు. ఒక వాక్యం రాస్తూ బిడ్డను తలుచుకుని మురిసిపోతున్నాను, రెండో వాక్యానికి కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

సారు దగ్గర చదివి పెద్ద కొలువులు చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు రాస్తే ఇంతకంటే బాగుంటుంది. నేను చదివింది ఐదు, అదీ ఉర్దూలో. తెలుగు రాయడం పొట్లాల కాగితాలు చదువుకుంటూ నేర్చుకున్నదే. కానీ సారు నాకు కూడా పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన మా బిడ్డ బడికి హసన్‌పర్తి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. ప్యాంటు చైనులో పడకుండా కాలికి క్లిప్పు పెట్టుకునేవారు. బడికి వచ్చాక తీయడం మరిచిపోయి, సాయంత్రం దాకా ఒక కాలు బిగించుకునే పాఠం చెప్పేవారు. బోర్డు తుడవడానికి డస్టరు వెతికే ఓపిక లేదు, చొక్కా ఎడమ చేతితోనే తుడిచేసేవారు. అందుకని ఆయన ఎడమ చెయ్యి ఎప్పుడూ పిండిమరలో పనిచేసే మనిషి చెయ్యిలా తెల్లగా ఉండేది. పిల్లలు ఏదైనా గబగబా చదివితే ఒకటే మాట అడిగేవారు: "చదివినవా, చూసినవా?"

అవి డెబ్బయ్యో దశకం నడిమి సంవత్సరాలు. మా బిడ్డ పదో తరగతి. దానికి ఇంగ్లీషు పాఠాలన్నీ నోటికి వచ్చు. రోజూ సందెపూట దుకాణం మెట్ల మీద కూర్చుని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేది. బేరానికి వచ్చినవాళ్లు ఆగి వినేవారు. నాకైతే ఛాతీ పొంగిపోయేది, చక్కెర తూకం మొగ్గు వేసి ఇచ్చేవాణ్ని. అట్లాంటి పిల్ల క్వార్టర్లీలో ఇంగ్లీషు తప్పింది, హాఫియర్లీలో మళ్లీ తప్పింది. నాకు అర్థమే కాలేదు. ఇంత బాగా అప్పజెప్పే పిల్ల తప్పడమేమిటి?

దుకాణంలో నాకూ మా అన్నకూ సగం సగం. మాట మాత్రం మొత్తం అన్నదే. ఆయన తేల్చేశాడు.

"రెండుసార్లు తప్పింది. ఇగ పరీక్ష ఫీజెందుకు దండుగ? దుకాణంల కూసోమను, పొట్లాలు కడతది."

బిడ్డ ఆ రోజు అన్నం తినలేదు. నేను మరునాడే సారు దగ్గరికి పోయాను.

"సారూ, మా అన్నకు ఒక్క మాట చెప్పున్రి, పిల్ల పాసైతదని. మీరు చెప్తే ఇంటడు."

"నాకే ఎరుకలేదు సేటూ, నేనెట్ల చెప్త? పాఠం మొత్తం అప్పజెప్తది. గా పాఠంల ఏమున్నదని అడిగితే నా మొఖం చూస్తది. ఒక పని చెయ్యి. ఆదివారం నువ్వు రా పరీక్షకు."

"నేనా?"

"నువ్వే. పిల్ల సదువుతది, నువ్వు జవాబు చెప్తవ్. నువ్వు పాసైతె పిల్ల పాస్. అప్పుడు మీ అన్నతోని నేనే మాట్లాడుత."

ఇదే సారు పద్ధతి. ఇంకే బడిలోనూ నేను వినలేదు. పిల్ల చేతికి ఎప్పుడూ చూడని ఇంగ్లీషు కాగితం ఒకటి ఇస్తారు. పిల్ల దాన్ని చదువుకుని, ఇంగ్లీషు ముక్క రాని తల్లికో తండ్రికో తెలుగులో చెప్పాలి. తర్వాత ప్రశ్నలు పిల్లకు కాదు, ఆ తల్లికో తండ్రికో. మన నోట్లోంచి సరైన జవాబు వస్తే పిల్లకు చదవడం వచ్చినట్టు.

కానీ ఎప్పుడూ చూడని కాగితం ఇస్తారన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. పాఠంలోంచే అడుగుతారనుకున్నాను. బిడ్డ చేత పెద్ద పాఠం ఒకటి తెలుగులో చెప్పించుకుని, వారమంతా కంఠస్థం చేశాను. ఒక రాజు, ఒక కుమ్మరి, పగిలిన కుండ. పప్పు తూస్తూ గొణుక్కునేవాణ్ని.

"ఏంది సేటూ, మంత్రాలు సదువుతానవ్?" అని బేరగాళ్లు నవ్వేవారు.

ఆదివారం ఇస్త్రీ ధోవతి కట్టుకుని పోయాను. సారు బిడ్డ చేతికి ఇచ్చింది పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా. దాని మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. బిడ్డ అటు తిప్పింది, ఇటు తిప్పింది. పైకి గడగడా చదివింది. నా చెవిలో మాత్రం, "మందు సంగతి బాపూ" అని ఊరుకుంది.

సారు నన్ను అడిగారు: "ఈ మందు కొట్టేటప్పుడు గాలి ఎటుండాలె సేటూ?"

వారం రోజులు నూరిపోసుకున్నది నోట్లోంచి దానంతట అదే దూకింది.

"రాజు కుమ్మరిని క్షమించిండు సారూ."

సారు గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. భుజాలు ఊగుతున్నాయి. ఇటు తిరిగేసరికి మొహం మామూలుగానే ఉంది. "ఇంట్ల ఇద్దరు బట్టీ పడుతాన్రన్నమాట," అన్నారు. తర్వాత బిడ్డ నెత్తిమీద ఆ తెల్లచెయ్యి పెట్టి, "కండ్లు నడిస్తే చాలదు బిడ్డా, ఎన్కనే బుద్ధి గూడ నడవాలె. ఇయ్యాల్టి సంది దుకాణంలకు ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా మీ బాపుకు చెప్పు. ఆయన సమజైందనేదాక ఇడ్సిపెట్టకు," అన్నారు.

అప్పటినుంచి మా దుకాణం దుకాణంలా లేదు. సబ్బు కాగితం, అగ్గిపెట్టె, బిస్కెట్ డబ్బా, పొట్లాలకు కొన్న పాత ఇంగ్లీషు పేపర్లు, ఏది కనిపించినా బిడ్డ చదవాలి, నాకు చెప్పాలి. నాకు చేతనైన పని ఒకటే. "సమజ్ కాలే బిడ్డా, మళ్ల చెప్పు," అనడం. అది ఏడ్చేది, కాగితం విసిరేసేది, డిక్షనరీ తెరిచేది, మళ్లీ చెప్పేది. నాకేమీ రాకపోవడం కూడా ఒకరికి పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం సారు సైకిల్ దుకాణం ముందు ఆగింది. మా అన్న గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. సారు పొట్లాల కాగితాల్లోంచి ఒక ఇంగ్లీషు పేపరు లాగి, ఒక మూల వేలు పెట్టి బిడ్డకు చూపించి, ఎదురు హోటల్లో చాయ్ తాగడానికి పోయారు. బిడ్డ ఈసారి పైకి చదవలేదు. పెదవులు కూడా కదపలేదు. చాలాసేపు చూసి, నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. సారు వచ్చారు.

"ఏమున్నది సేటూ గా కాగితంల?"

"ఒకాయన పెండ్లాంపిల్లలతోని రైల్ల పోతాండు. నీళ్లకని కూజా పట్టుకొని ఒక స్టేషన్ల దిగిండు. రైలు ఎల్లిపోయింది."

"రైలును ఎవరాపిండ్రు?"

"ముందట వచ్చే స్టేషన్ మాస్టరు. ఈ స్టేషనాయన ఫోన్ చేస్తే ఆయన ఆపిండు."

"దిగిపోయినాయన ఎట్ల పోయిండు అక్కడికి?"

"గూడ్సు బండిల. గార్డు ఎక్కించుకున్నడు. కూజాల నీళ్లు గట్లనే ఉన్నయట."

సారు అడిగారు: "మొగడు కనిపిస్తలేడని ఆమె ఏడ్చిందా?"

నేను బిడ్డ మొహం చూశాను. అది ఆ మాట చెప్పలేదు. "గది రాయలేదు సారూ," అన్నాను.

మా అన్న గల్లాపెట్టె మూత దించి, "ఏడ్వదా మరి? మొగడు దిగిపోయె, పిల్లలాయె, ఏడ్వక నవ్వుతదా?" అన్నాడు.

"నువ్వు ఫేలు పెద్దసేటూ," అన్నారు సారు. "నీ తమ్ముడు పాసు. రాసింది చెప్పిండు, రాయనిది రాయలేదన్నడు. పిల్ల అంత సాఫుగ చెప్పింది గనుకనే చెప్పగలిగిండు. ఇగ ఫీజు కట్టు."

అన్న తానే నవ్వేశాడు. ఫీజు ఆయనే కట్టాడు.

సారు సైకిల్ ఎక్కుతూ వెనక్కి తిరిగారు. "ఇంకొక్క ప్రశ్న ఉన్నది సేటూ. గది తర్వాత అడుగుత."

బిడ్డ పాసయింది. ఇంటరు, డిగ్రీ, బి.ఎడ్. ఏళ్లు గడిచాయి. సారు దుకాణం ముందు నుంచి పోతుంటే నేను పిలిచేవాణ్ని, "సారూ, ఆ ప్రశ్న?" ఆయన సైకిల్ దిగకుండానే, "జర ఆగు సేటూ," అనేవారు. ఎప్పుడడుగుతారో అన్న బుగులుతో నేను బిడ్డను వదిలిపెట్టలేదు. కాలేజీ నుంచి రాగానే, "ఇయ్యాల ఏం సదివినవ్, చెప్పు," అనేవాణ్ని. సారు రిటైరయ్యారు, నా వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆ ప్రశ్న మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఆ రోజు డబ్బా పట్టుకునే హసన్‌పర్తి పోయాను. ఎందుకు పట్టుకుపోయానో తెలియదు. రైలు వెళ్లిపోయాక కూజా పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఆ వాకిట్లో నిలబడ్డాను. సారును బయట పడుకోబెట్టారు. ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది. అదొక్కటే నాకు ఆయనలా అనిపించలేదు. డబ్బాను కండువా కింద దాచుకున్నాను గానీ ఆయన భార్య చూసింది.

"చేతుల గదేందన్నా?"

"ఏం లేదు చెల్లె."

"చెప్పు."

"బిడ్డకు నౌకరొచ్చింది. ఇంగ్లీషు టీచరు. సారుకని..."

"నాకెందుకు చెప్తవ్? ఆయనకు చెప్పు."

ఆ వాకిట్లో, అంతమంది ఏడుస్తున్నచోట, నేను వంగి ఆయన చెవి దగ్గర శుభవార్త చెప్పాను. నా గొంతులో సంతోషమే పలికింది, ఏం చేయను. ఆమె ఒక లడ్డు తీసి దీపం పక్కన పెట్టింది. పోయేముందు అడగకుండా ఉండలేకపోయాను.

"చెల్లె, సారు నన్ను ఒక ప్రశ్న అడుగుతనన్నడు. నీకేమన్న చెప్పిండా?"

"చెప్పలే అన్నా. ఇంటికొచ్చి నవ్వుకునేటోడు, 'సేటు ఇయ్యాల గూడ అడిగిండు' అని." అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి ఆ మాట దగ్గర తడబడింది.

అసలు ఆ ప్రశ్న ఉందా? ఉంటే నన్నెందుకు అడగలేదు? లేకపోతే ఇన్నేళ్లు నేను దేనికి భయపడ్డాను? ఒకసారి ఒకటి అనిపిస్తుంది, ఇంకోసారి ఇంకోటి అనిపిస్తుంది.

మొన్న బిడ్డ బడి చూద్దామని నెక్కొండ పోయాను. వరండాలో తల్లులు, తండ్రులు. రుమాలు చుట్టుకున్న రైతు ఒకాయన బెంచీ అంచున కూర్చున్నాడు, పక్కన ఆయన కూతురు. నా బిడ్డకు చొక్కా చెయ్యి లేదు గనుక చీర కొంగుతో బోర్డు తుడిచి వచ్చి ప్రశ్నలు అడిగింది. ఆయన తడుముకుంటూ చెప్పాడు. అన్నీ సరిగానే ఉన్నాయట. లేచి పోబోతుంటే నా బిడ్డ అన్నది, "ఇంకొక్క ప్రశ్న ఉన్నది కాకా. గది తర్వాత అడుగుత."

పక్కకు పిలిచి అడిగాను, "ఏం ప్రశ్న బిడ్డా అది?"

"జర ఆగు బాపూ," అని ఇంకొకరి దగ్గరికి పోయింది.

సాయంత్రం స్టేషన్లో ఆ తండ్రీకూతుళ్లు కనిపించారు. గోడ మీద రైల్వేవాళ్ల ఇంగ్లీషు నోటీసు ఒకటి ఉంది. పిల్ల దాని మీద వేలు పెట్టి చూస్తోంది. నా రైలు మెల్లగా కదిలింది. కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆ రైతు రుమాలు చెవి మీదికి రాకుండా పక్కకు నెట్టుకుని, కూతురి వైపు వంగి, కళ్లు మూసుకుని వింటున్నాడు.

"సమజ్ కాలే బిడ్డా," అంటున్నాడు. "మళ్ల చెప్పు."